ఘాతమును కంప్యూటరునకు చెప్పుట యెట్లు?

మన పాఠశాలలో పిల్లలను చేర్పింప వచ్చు తల్లిదండ్రులు మమ్ము తరచుగా అడుగు ప్రశ్న యొకటి కలదు. “లెక్కలు తెలుగులో నేర్చిన మా పిల్లలు రేపు కంప్యూటరు చదువులో వెనుకబడరు గదా?” అనునదే ఆ ప్రశ్న. చెన్నై నగరమున కాపురముండు తెలుగు కుటుంబములకు ఈ భయము సహజమే. ఇంటిలో తెలుగు, వీధిలో తమిళము, కంప్యూటరు తెరమీద ఆంగ్లము. ఈ మూటి నడుమ బిడ్డ ఎక్కడ తడబడునో యని తల్లి మనస్సు కొట్టుకొనుచుండును. దీనికి పెద్ద మాటలతో సమాధానము చెప్పుట సులభము. కాని పెద్ద మాటలు ఎవరికిని ధైర్యము నీయవు. కావున కంప్యూటరు భాషలలోని చిన్న విషయము నొకదానిని తీసికొని, మొదటినుండి తుదివరకు వివరింప దలచితిమి. అది ఒక సంఖ్యయొక్క ఘాతమును కట్టుమని కంప్యూటరునకు చెప్పుట. అందులో పిల్లలు ఎక్కడ జారుదురో, ఎందుకు జారుదురో తెలిసికొన్నచో, ఆ జారుటకు తెలుగు కారణము కాదని తల్లిదండ్రులకే తేటపడును.

ఘాతమన నేమి?

ఒక సంఖ్యను ఆ సంఖ్యతోనే కొన్నిమార్లు హెచ్చవేయగా వచ్చునది ఘాతము. ఐదును ఐదుతో హెచ్చవేసిన 25. ఇది ఐదుయొక్క వర్గము. మరల ఐదుతో హెచ్చవేసిన 125, ఇది ఘనము. ఎన్ని ఐదులను హెచ్చవేయవలయునో తెలుపు అంకె ఘాతాంకము. వర్గము, ఘనము, ఘాతము అను ఈ మాటలు మన పిల్లలకు తెలుగు లెక్కల పుస్తకములోనివే. 

లెక్కల తరగతిలోనే కాదు, తెలుగు తరగతిలోను ఘాతమున్నది. అక్షరము గురువైనను కావలయును, లఘువైనను కావలయును. అనగా ప్రతి అక్షరమునకును రెండు దారులు. రెండక్షరముల గణములు నాలుగు. మూడక్షరముల గణములు య, మ, త, ర, జ, భ, న, స అని ఎనిమిది. ఎనిమిదే యేల, తొమ్మిది యేల కాకూడదు? రెండును మూడుమార్లు హెచ్చవేసిన ఎనిమిదే వచ్చును గనుక. ఉత్పలమాల పాదమున ఇరువది యక్షరములు. ఇరువది యక్షరములను గురులఘువులతో ఎన్నివిధముల అమర్చవచ్చునని అడిగిన, రెండును ఇరువదిమార్లు హెచ్చవేయుము, 10,48,576 విధములు. పద్యమును గణవిభజన చేయు పిల్లవాడు తనకు తెలియకుండగనే ఘాతములతో ఆడుకొనుచున్నాడు.

గుర్తు ఎట్లు మారినది?

కాగితముమీద ఘాతాంకమును సంఖ్యకు కుడిప్రక్కన, కొంచెము పైకి, చిన్న అంకెగా వ్రాయుదుము. ఈ పద్ధతి ఫ్రెంచి గణితజ్ఞుడు డేకార్టు 1637లో ప్రకటించిన జ్యామితి గ్రంథముతో వ్యాప్తికి వచ్చినది. చేతికి ఇది సుఖము. యంత్రమునకు కాదు. తొలి కంప్యూటరులకు ఆజ్ఞలను అట్టముక్కలలో రంధ్రములు పొడిచి ఇచ్చెడివారు. అందు అక్షరములన్నియు ఒకే వరుసలో, ఒకే పరిమాణమున ఉండవలయును. పైకెత్తి చిన్నదిగా వ్రాయుటకు చోటు లేదు.

జాన్ బాకస్ నాయకత్వమున ఐ.బి.యం. సంస్థవారు 1957లో ఫోర్ట్రాన్ అను కంప్యూటరు భాషను వెలువరించిరి. హెచ్చవేతకు ఒక నక్షత్రపు గుర్తు (*) వాడుచుండిరి గనుక, పదేపదే హెచ్చవేయుటయగు ఘాతమునకు రెండు నక్షత్రములను (**) ప్రక్కప్రక్కన పెట్టిరి. ఐదు వర్గమును 5**2 అని వ్రాయవలయును. మన నగరమున ఐ.ఐ.టి. మద్రాసునందు 1973లో ఐ.బి.యం. 370 కంప్యూటరును నెలకొల్పిరి. ఆ తరము విద్యార్థులు ఫోర్ట్రాన్ లెక్కలలో ఘాతమును వ్రాసినది ఈ జంట నక్షత్రములతోనే.

ఇతరులు ఇతర మార్గములు త్రొక్కిరి. ఆల్గాల్ 60 అను భాషలో ఘాతమునకు పైకి చూపు బాణము (↑) గుర్తు. 1964లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాలయందు పుట్టిన బేసిక్ భాషలోను బాణమే. 1963నాటి ఆస్కీ అక్షరపట్టికలో ఆ బాణమునకు చోటుండెను. 1967 సవరణలో దాని స్థానమును టోపీవంటి గుర్తు (^) ఆక్రమించినది. ఈనాడు మన కీబోర్డుమీద 6 అంకెగల మీటపై కనబడునది ఇదియే. ఎక్సెల్ పట్టికలలో ఘాతమునకు ఈ టోపీయే గుర్తు.

1970వ దశకము తొలినాళ్లలో డెన్నిస్ రిచీ రూపొందించిన సి భాషలో ఘాతమునకు గుర్తే లేకపోయెను. టోపీగుర్తును ఆయన వేరొక పనికి వినియోగించెను. సి భాషనుండి పుట్టిన సి ప్లస్ ప్లస్, జావా మున్నగునవి ఆ యలవాటునే నిలుపుకొన్నవి. 1991లో గీడో వాన్ రోసమ్ వెలువరించిన పైథాన్ మాత్రము ఫోర్ట్రాన్‌వలె జంట నక్షత్రములను గ్రహించినది. జావాస్క్రిప్టు భాషకు ఈ జంట నక్షత్రములు 2016లో వచ్చినవి.

ఐదు వర్గము ఏడగునా?

ఈ చరిత్ర మనకేల యని అనుకొనవలదు. తమిళనాడు రాష్ట్ర పాఠ్యక్రమమున 2018లో వచ్చిన ప్లస్ వన్ కంప్యూటరు సైన్సు పుస్తకము సి ప్లస్ ప్లస్ నేర్పినది. 2019లో వచ్చిన ప్లస్ టు పుస్తకము పైథాన్ నేర్పినది. ఒకే సబ్జెక్టు చదువు పిల్లవాడు ఒక్క యేడు గడచుసరికి ఘాతమును వ్రాయు తీరు మార్చుకొనవలసి వచ్చినది. చిన్న తరగతులలో ఎక్సెల్ నేర్చియుండినచో మూడవ తీరు.

మావద్ద పదియవ తరగతి ముగించి వేరొక పాఠశాలలో ప్లస్ వన్ చేరిన విద్యార్థిని యొకతె సి ప్లస్ ప్లస్‌లో ఒక చరరాశికి 5^2 అని విలువ నిచ్చి, దానిని తెరమీద చూపుమని ఆజ్ఞ వ్రాసినది. కంప్యూటరు 7 అని చూపినది. ఆ బాలిక మూడుమార్లు సరిచూచుకొన్నది. మూడుమార్లును 7. తరగతిలో నలుగురును నవ్విరట. తెలుగు బడినుండి వచ్చినందున తనకేదో తెలియదని బాలిక కుమిలినది. కంప్యూటరు సైన్సు మాన్పించి వేరు గ్రూపునకు మార్పింతుమా యని తల్లి మాయొద్దకు వచ్చినది.

ఆ బాలికకు లెక్క తెలియకపోలేదు. ఐదు వర్గము 25 అని ఆమెకు తెలియుటచేతనే 7 చూచి ఆగినది. లోపమంతయు గుర్తులో ఉన్నది. సి ప్లస్ ప్లస్‌లో టోపీగుర్తునకు అర్థము ఇట్లుండును. కంప్యూటరు సంఖ్యలను ఒకటి, సున్నలతోనే వ్రాసికొనును. ఐదును 101 అనియు, రెండును 010 అనియు వ్రాసికొనును. టోపీగుర్తు ఈ రెంటిని ఒకదానిక్రింద నొకటి పేర్చి, అంకెలు వేరువేరైన చోట 1, ఒకటేయైన చోట 0 వేయుమని చెప్పును. ఇచ్చట మూడు స్థానములందును అంకెలు వేరు. కావున 111, అనగా మన లెక్కలో 7. ఇట్లే 10^2 అని వ్రాసిన నూరు రాదు, 8 వచ్చును. పైథాన్‌లోను టోపీకి ఇదే అర్థము. యంత్రము తన భాషలో సరిగనే జవాబిచ్చినది. మనము అడుగదలచినది వేరు, అడిగినది వేరు. సి ప్లస్ ప్లస్‌లో ఘాతము కావలసిన ‘పౌ’ అను సిద్ధ ప్రమేయమును పిలిచి, కుండలీకరణములలో ఐదును రెండును ఇవ్వవలయును.

ఈ సంగతి చెప్పగా ఆ తల్లి తేలికపడినది. బాలిక ఆ గ్రూపులోనే కొనసాగినది.

వడ్డీ లెక్కలో ఒక పరీక్ష

గుర్తు తెలిసిన చాలదు, వరుసయు తెలియవలయును. ఇంటింట అక్కరకు వచ్చు వడ్డీ లెక్కనే చూడుడు. పదివేల రూపాయలు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చితిమనుకొందము. బారువడ్డీయైన ఐదేండ్లకు వడ్డీ పండ్రెండువేలు, మొత్తము 22,000 రూపాయలు. నెలనెలకు అసలులో కలియు చక్రవడ్డీయైన, ప్రతి నెలయు మొత్తము 1.02 రెట్లగును. ఐదేండ్లకు అరువది నెలలు గనుక 1.02ను అరువదిమార్లు హెచ్చవేయవలయును. పైథాన్‌లో ఇట్లు వ్రాయుదుము:

10000*(1+2/100)**60

జవాబు 32,810 రూపాయల 31 పైసలు. బారువడ్డీకంటె పదివేలకు పైగా ఎక్కువ. అప్పుపత్రముమీద వ్రేలిముద్ర వేయుటకు ముందు ప్రతి కుటుంబమును ఒకమారు చేసి చూడవలసిన లెక్క యిది.

ఇప్పుడు కుండలీకరణములు మరచి 10000*1+2/100**60 అని వ్రాసినచో నేమగును? కంప్యూటరు మొదట ఘాతమును కట్టును, తరువాత హెచ్చవేత, భాగహారములు, తుదకు కూడిక. కావున అది నూరును అరువదిమార్లు హెచ్చవేసి, ఆ మహాసంఖ్యతో రెండును భాగించి, వచ్చిన అతిసూక్ష్మ భిన్నమును పదివేలకు కలుపును. తెరమీద 10000.0 అని కనబడును. ఐదేండ్ల అప్పుకు వడ్డీయే లేదన్నమాట! కంప్యూటరు తప్పని చెప్పదు, ఎఱ్ఱదీపము వెలిగింపదు. చక్రవడ్డీ అనగా నేమో యెరిగిన పిల్లవాడే ఈ జవాబును చూచి “ఇది పొసగదు” అనగలడు. అర్థము తెలియక గుర్తులు కంఠస్థము చేసినవాడు దీనినే పుస్తకములో ఎక్కించుకొని పోవును.

వరుస విషయమున భాషకును భాషకును పేచీలు కలవు. ఋణ సంఖ్యను చూడుడు. పైథాన్‌లో -2**2 అనిన జవాబు -4. ఏలయన మొదట వర్గము కట్టి, పిమ్మట ఋణచిహ్నము తగిలించును. ఎక్సెల్‌లో -2^2 అనిన జవాబు 4. అది ఋణచిహ్నమును ముందే అంటించుకొనును. జావాస్క్రిప్టు ఇట్టి వ్రాతను అసలే అంగీకరింపదు, కుండలీకరణములు పెట్టుమనును. ఘాతముపై ఘాతము వచ్చినను ఇంతే. 2**3**2 అనిన పైథాన్ కుడివైపునుండి కట్టును. మూడు వర్గము తొమ్మిది. రెండును తొమ్మిదిమార్లు హెచ్చవేయగా 512. ఎక్సెల్ 2^3^2ను ఎడమనుండి కట్టును. రెండు ఘనము ఎనిమిది. ఎనిమిది వర్గము 64. ఇన్ని నియమములను పిల్లలు మోయనక్కరలేదు. అనుమానమున్న చోట కుండలీకరణములు పెట్టుట అలవరచుకొన్నచో ఏ భాషలోనైనను క్షేమము.

చదరంగపు గడులు

ఘాతమనగానే తెలుగువారికి స్మరణకు రావలసిన వాడు పావులూరి మల్లన. మహావీరాచార్యుని సంస్కృత గణితసార సంగ్రహమును తెనిగించి, తెలుగులో గణితశాస్త్రమును పద్యములలో నిలిపిన కవి. చదరంగపు మొదటి గడిలో ఒక గింజ, రెండవ గడిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లు అరువదినాలుగు గడులలో రెట్టింపు చేయుచు పోయిన మొత్తమెంత యను లెక్కకు, మల్లనదిగా ప్రసిద్ధమైన పద్య మొకటి జవాబు చెప్పుచున్నది. అందు అంకెలకు బదులు సంకేత పదములుండును. చంద్రుడనిన ఒకటి, వేదములనిన నాలుగు, బాణములనిన ఐదు, ఆకాశమనిన సున్న. ఒకట్ల స్థానమునుండి ఎడమకు నడచుచు వ్రాసికొన్నచో ఇరువది అంకెల సంఖ్య వచ్చును: 18446744073709551615.

పైథాన్‌లో 2**64-1 అని వ్రాసి చూడుడు. ఇదే సంఖ్య, ఒక్క అంకె తేడా లేకుండ, తెరమీదికి వచ్చును. ఎక్సెల్‌లో అడిగిన మొదటి పదునైదంకెలను మాత్రము నిలుపుకొని, చివరి ఐదు స్థానములను సున్నలతో నింపి 18446744073709600000 అని చూపును. సి ప్లస్ ప్లస్‌లో అరువదినాలుగు స్థానములుగల ఋణచిహ్నము లేని పూర్ణసంఖ్యకు అవధి సరిగా మల్లన సంఖ్యయే. అరువదినాలుగు గడులు, అరువదినాలుగు స్థానములు; లెక్క ఒక్కటే. దానికి ఇంకొకటి కలిపిన ఆ సంఖ్య సున్నయైపోవును. పైథాన్ పూర్ణసంఖ్యలకు అట్టి యవధి లేదు. యంత్రములో చోటున్నంతవరకు అంకెలన్నియు నిలుచును.

ఇంత పెద్ద ఘాతమును కట్టుటకు కంప్యూటరు రెండును అరువదిమూడు పర్యాయములు హెచ్చవేయునా? అక్కరలేదు. దీనికి దగ్గరదారిని ఛందస్సూత్రమున పింగళుడు ఏనాడో చూపెను. ఘాతాంకము సరిసంఖ్యయైన సగము చేయుము. బేసిసంఖ్యయైన ఒకటి తీసివేయుము. సున్న వచ్చినదాక ఇట్లు దిగి, మరల ఎక్కునపుడు ఒకటితో మొదలిడి, ఒకటి తీసివేసిన చోట రెట్టింపు చేయుము, సగము చేసిన చోట వర్గము కట్టుము. మన ఉత్పలమాల ఇరువది యక్షరములనే చూడుడు. 20, 10, 5, 4, 2, 1, 0 అని దిగుదుము. ఎక్కునపుడు 1, 2, 4, 16, 32, 1024, 10,48,576. ఇరువది మెట్లకు బదులు ఆరు మెట్లలో పని ముగిసినది. కంప్యూటరులు పెద్ద ఘాతములను కట్టుటలో వాడునది ఈ సగములు, వర్గముల దారియే. పద్యములోని గురులఘువులను లెక్కించుటకు పుట్టిన ఉపాయము నేటి యంత్రమునకు సరిపడినది.

తల్లిదండ్రులు చేయదగినది

దీనివలన మేము చెప్పదలచినది స్పష్టము. ఘాతమను భావమును పిల్లలు తమ యింటి భాషలో గ్రహించినచో అది వారి సొత్తగును. దానిపై టోపీ పెట్టుటయా, రెండు నక్షత్రములు పెట్టుటయా యనునది ఆయా కంప్యూటరు భాష ఏర్పరచుకొన్న ఆచారము. ఆచారములను ఏ యూరికి పోయిన ఆ యూర తెలిసికొనవచ్చును; అందుకు కొన్ని దినములు చాలును. భావమును గ్రహించుటకు మాత్రము ఏండ్లు పట్టును, ఆ యేండ్లలో మాతృభాష తోడుండవలయును. ఆంగ్ల పదములు నేర్వనక్కరలేదని మా భావము కాదు. ఘాతము, ఘాతాంకము అను మాటల ప్రక్కన వాని ఆంగ్ల నామములను గూడ పదియవ తరగతి నాటికి మన పిల్లలు ఎరిగియుండవలయును. ఆ పని పాఠశాల చూచుకొనును.

తల్లిదండ్రులకు కంప్యూటరు తెలియనక్కరలేదు. పిల్లవాడు ఇంటిలో లెక్క చేయుచుండగా ప్రక్కన కూర్చుండి మూడు ప్రశ్నలు వేసిన చాలును. “జవాబు ఇంచుమించు ఎంత రావలయును?” అని యంత్రమునకంటె ముందుగా పిల్లవానినే అడుగుడు. “ఈ గుర్తునకు ఈ భాషలో అర్థమేమి?” అని రెండవ ప్రశ్న. “మొదట ఏది కట్టును, తరువాత ఏది?” అని మూడవది. వీనికి తెలుగులో జవాబు చెప్పగలిగిన బిడ్డకు భయము లేదు.

ఇంటిలో చేయుటకు ఒక లెక్క నిచ్చి ముగింతుము. 1912లో మన మద్రాసు పోర్టు ట్రస్టు కచేరిలో గుమాస్తాగా చేరి, 1914లో ఇంగ్లండు వెళ్లిన శ్రీనివాస రామానుజన్ 1729 అను సంఖ్యను గూర్చి ఒక విశేషము చెప్పెను. రెండు ఘనముల మొత్తముగా రెండు విధముల వ్రాయదగిన సంఖ్యలలో అదియే మిక్కిలి చిన్నదని. పిల్లలచేత 12**3+1**3 అనియు, 10**3+9**3 అనియు పైథాన్‌లో వ్రాయించి చూడుడు. అయితే ముందుగా కాగితముమీద, తెలుగులో, నోటితో చెప్పుచు కట్టనిండు. తరువాత యంత్రము చూపిన జవాబును పిల్లలే సరిచూతురు గాక.